బెల్టు కట్టుకున్న నక్క

చేపల మార్కెట్టు వీధి కుక్కలకు కాస్త పొగరు ఎక్కువ. ఉండదా మరి. ఊళ్ళో మిగతా కుక్కలు ఎంగిలాకుల కోసం కొట్టుకు చస్తుంటే, వీళ్ళకు తెల్లారి లేస్తే కొరమీను తలకాయలు, పండుగొప్ప మొప్పలు, ఎండాకాలమైతే నమలడానికి ఐసు ముక్కలు. చేపల వీధి కుక్క నడిచి వెళుతుంటే వెనకనుంచి చూసినవాడు మేకపోతు అనుకునేవాడు.

ఆ వీధికి పెద్ద రాగి. ఒంటి రంగు చూసి చేపలమ్మే గవరమ్మ పెట్టిన పేరది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె కింద ఓ గుంపు కుక్కలుండేవి గానీ వాటిలో చెప్పుకోదగ్గవాడు భీమన్న ఒక్కడే. కదిలే ప్రతి స్కూటరునూ తరిమేవాడు. స్కూటరు ఆగితే మాత్రం ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూసి ఇంటిదారి పట్టేవాడు.

కుక్కల్లో ఒక కట్టుబాటుంది. ఎవరి వీధి వారిది. పరాయి వీధిలోకి వెళ్ళాలంటే తోక కాళ్ళ సందున పెట్టుకుని హద్దు దగ్గర కూర్చోవాలి. లోపలివాళ్ళు వచ్చి వాసన చూసి సరేనంటేనే కదలాలి. ఇక తన వీధిని వదిలిపెట్టి పోయినవాడికి మళ్ళీ ఆ వీధి దక్కదు. వాడు తిరిగొచ్చేసరికి వాడి కరెంటు స్తంభం దగ్గర ఇంకొకడు కాలెత్తుతుంటాడు.

ఈ కట్టుబాటు కుక్కలకంటే బాగా తెలిసినవాడు జిత్తులయ్య. ఊరి చివర సరుగుడు తోటలో ఉండే నక్క. కుక్కలు అతణ్ణి ముఖాన "నక్క బావగారూ" అని, చాటున ఇంకోలా పిలిచేవి. చేపల వీధి వాసన గాలివాటున తోటలోకి వచ్చినప్పుడల్లా జిత్తులయ్యకు నోరూరేది, కడుపు మండేది. పీతలు ఏరుకుని బతికేవాడికి కొరమీను తలకాయల వాసన తగిలితే ఎలా ఉంటుంది? ఒకటి రెండుసార్లు తొంగి చూడబోయి భీమన్న చేత తొడ కొరికించుకున్నాడు కూడా.

అలాంటి రోజుల్లో ఒకనాడు మునిసిపాలిటీ మైకు ఆటో ఊరంతా తిరిగింది. కుక్కల బండి ఏ వీధికి ఎప్పుడొస్తుందో, పట్టుకున్న కుక్కల్ని ఏం చేస్తారో, పెంపుడు కుక్కలున్నవాళ్ళు ఏం చేయాలో అన్నీ వివరంగా చెప్పింది. చేపల వీధిలోనూ చెప్పింది. కానీ ఆటో వీధిలోకి వచ్చింది మొదలు, సందు చివర మలుపు తిరిగేదాకా, మన కుక్కలన్నీ దాని వెంటపడి ఒకటే మొరుగుడు. తమ గురించి చెప్పిన మాట తమకు తప్ప ఊరంతటికీ తెలిసింది.

సాయంత్రం జిత్తులయ్య హద్దు దగ్గరకొచ్చి, మర్యాదగా తోక ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏం బావగారూ, ఇట్టా దయచేశారు?" అంది రాగి.

"ఏం చెప్పమంటావమ్మా. నా గుండె ఆగక వచ్చాను. మైకువాడు చెప్పింది విన్నారా మీరు?"

కుక్కలన్నీ భీమన్న వంక చూశాయి. భీమన్న గొంతు సవరించుకున్నాడు. "తరిమేశాం వాణ్ణి. మళ్ళీ రాడు."

"వాడు రాడు నాయనా. వాడి వెనక బండి వస్తుంది. మంగళవారం నాడు ఈ వీధికే. మీ మీద కంప్లయింటు వెళ్ళిందట, స్కూటర్లు తరుముతున్నారని." జిత్తులయ్య గొంతు తగ్గించాడు. "బండి ఎక్కినవాడు తిరిగి రాడు."

"బస్టాండు వీధి గంగులు తిరిగొచ్చాడుగా," అంది రాగి. "మొన్న దూరంనుంచి చూశాను. ఎడమ చెవి కొస లేదు."

జిత్తులయ్య కళ్ళు మూసుకుని తల ఊపాడు. "అదేనమ్మా అసలు సంగతి. మొదటిసారి చెవి కోస్తారు. రెండోసారి తోక. మూడోసారి..." అని ఆగి, మెడ మీదుగా పంజా తిప్పుకున్నాడు. "ముందుంది ముసళ్ళ పండగ. మెడకు బెల్టు ఉన్నవాళ్ళనొక్కళ్ళనే బండివాళ్ళు ముట్టుకోరు. నా కళ్ళతో చూశాను. మీకు బెల్టుందా? లేదు. రాతి క్వారీ వైపు పోయి కొన్నాళ్ళు తలదాచుకోండి. ప్రాణముంటే పచ్చగడ్డి తిని బతకొచ్చు."

"పచ్చగడ్డా?" అన్నాడు భీమన్న. ఆ మాటకే అతనికి ఎక్కువ భయమేసింది.

"మరి మా వీధి?" అంది రాగి.

"దాని సంగతి నేను చూసుకుంటానమ్మా. బస్టాండు కుక్కలు రాకుండా కాపలా కాస్తాను. ఎవరికోసం? మీ కోసమే కదా."

నక్క వెళ్ళిపోయాక వీధిలో ఏడుపులు మొదలయ్యాయి. ఒకడు తోక చూసుకుంటాడు, ఒకడు చెవి తడుముకుంటాడు. గోరంతను కొండంత చేయడానికి నక్క చాలు. ఆ కొండను నెత్తినెత్తుకు తిరగడానికి కుక్కలు చాలు. తెల్లారేలోగా క్వారీకి పోదామని భీమన్న తీర్మానం చేశాడు. సరే అనలేక, కాదనలేక రాగి ఐసు ఫ్యాక్టరీ పాక వైపు నడిచింది. ఆమెకు నిజంగానే భయమేసింది. చావు భయం కాదు. ఈ వీధి పోతే తాను ఎవరు? ఇక్కడే పుట్టింది, ఇక్కడే ఈనింది. ఆ పిల్లల్లో ఒక్కటీ దక్కలేదు. కొన్ని చేపల లారీల కింద పోయాయి, కొన్ని వానల్లో కాలవలో కొట్టుకుపోయాయి. ఆమెకు మిగిలింది ఈ వీధొక్కటే.

పాకలో ఐసు బండి లాగే ముసలి ఎద్దు అప్పన్న నెమరు వేస్తున్నాడు. చెవికి పచ్చ బిళ్ళ వేలాడుతోంది. రాగి సంగతంతా చెప్పింది. అప్పన్న నెమరు ఆపలేదు. ఆయన ఏ కబురు విన్నా నెమరు ఆపడు.

"తాతా, నువ్వేమంటావు?"

"నన్ను బందెలదొడ్డిలో పెట్టారు ఒకప్పుడు. రోడ్డు మధ్య పడుకున్నానని. మా ఆసామి వచ్చి విడిపించుకుపోయాడు. ఈ బిళ్ళ వేసినప్పుడు చెవి కోసేస్తున్నారని అరిచి గోల చేశాను. చీమ కుట్టినట్టుంది." అప్పన్న కాసేపు నమిలాడు. "బండిలో పోయొచ్చినవాడు ఉండగా, దాన్ని ఎక్కనివాడి మాట వింటారేంటే మీరు?"

"పోయొచ్చినవాడు గంగులు. వాడి వీధికి నేను తోక దించుకుని పోవాలి."

"దించు. తోకేగా. మళ్ళీ లేస్తుంది."

రాగి జీవితంలో తోక దించి ఎరగదు. గంగులుతో ఆమెకు పాత పగ కూడా ఉంది. అయినా తెల్లవారుతుండగా బస్టాండు వీధి హద్దు దగ్గరకెళ్ళి, తోక కాళ్ళ సందున పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళంతా సిగ్గుతో మంటెక్కింది. బస్టాండు కుక్కలు చుట్టూ మూగి, ఎన్నాళ్ళనుంచో ఎదురు చూస్తున్న వినోదం దొరికినట్టు, తీరిగ్గా వాసన చూశాయి.

గంగులు వచ్చాడు. "చేపల వీధి దొరసాని మా హద్దులో కూర్చుందేంటి?"

"నీతో పనుంది గంగులు మావా."

"మావా అంటున్నావంటే పని పెద్దదే."

"నిన్ను బండిలో తీసుకెళ్ళి ఏం చేశారు?"

గంగులు కొస లేని చెవి ఒకసారి ఆడించాడు. "బోనులో పెట్టారు. అన్నంలో గుడ్డు కలిపి పెట్టారు. సూది గుచ్చితే నిద్రొచ్చింది. లేచేసరికి కింద కుట్లున్నాయి. ఇక పిల్లలు పుట్టరు. ఇంకో సూదేమో పిచ్చి కుక్క జబ్బు రాకుండా. పుండు మానాక బండెక్కించి, ఇదిగో, ఈ టీ బడ్డీ దగ్గరే దింపారు. ఎక్కడ పట్టుకుంటే అక్కడే దింపాలట. వాళ్ళ రూలు అది."

"మరి చెవి?"

"చెవి కోసింది మళ్ళీ పట్టుకోకుండా ఉండడానికి. ఈ చెవి చూస్తే వలవాడు నా వంక కూడా చూడడు. నిన్న వాడి బండి పక్కనే పడుకున్నాను."

"నువ్వు లేనప్పుడు నీ వీధి?"

గంగులు నవ్వాడు. "అదే చెబుతున్నా. వెళ్ళేముందు ఎవరో ఒకరికి అప్పజెప్పి పోవాలి. నాకు మా బావమరిది చూశాడు. నీది కావాలంటే నేను చూస్తాను. తలకాయల్లో సగం నావి."

"సగం కాదు. పండుగొప్పలు ముట్టకు. మిగతావి తిను."

బేరం కుదిరింది. రాగి తోక ఎత్తింది. తిరిగొచ్చే దారంతా ఇక పిల్లలు పుట్టరన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగింది. ఏడవాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. కాలవ గట్టున కాసేపు నిలబడి రెండూ చేసింది. ఇక ఏ పిల్లనూ లారీ కింద చూడక్కర్లేదనుకున్నాక అడుగు పడింది.

దారిలో ఐసు ఫ్యాక్టరీ యజమాని ఇంటి గేటు తగిలింది. లోపల డాలీ ఉంటుంది. లావుపాటి పెంపుడు కుక్క. గేటు కమ్మీల్లోంచి ముక్కు బయటపెట్టి, పోయేవాళ్ళందరికీ తన గొప్పలు చెప్పడమే దాని పని.

"అక్కా, బెల్టుంటే బండివాళ్ళు ముట్టుకోరా?" అడిగింది రాగి.

డాలీ ముఖం వెలిగిపోయింది. తన బెల్టు గురించి తమంతట తాముగా ఎవరూ అడగలేదు ఎన్నడూ. "బెల్టుదేముందే, బజార్లో డబ్బులిస్తే ఎవరికైనా ఇస్తాడు. ఇదిగో, బిళ్ళ. మునిసిపాలిటీవాళ్ళు ఇచ్చింది. నాకు సూది మందు వేయించిన చీటీ చూపిస్తేనే మా సారుకి ఇచ్చారు. పక్కవీధి జూలీకి బెల్టుంది, బిళ్ళ లేదు. మొన్న బండిలో వేసుకుపోతే వాళ్ళ సారు లుంగీ మీదే పరిగెత్తి, జరిమానా కట్టి తెచ్చుకున్నాడు."

"తెచ్చుకునేవాడు లేకపోతే?"

"లేకపోతే ఏముంది, వీధి కుక్కే."

రాగి అక్కడే నిలబడిపోయింది. గేటు పక్క చెత్త డబ్బాలో డాలీ పాత బెల్టు వేలాడుతోంది, ఎర్రది. నక్క ఎంత దూరంనుంచి చూసి ఉంటాడో ఆమెకు అర్థమైంది. సరుగుడు తోటనుంచి ఎర్ర బెల్టు కనిపిస్తుంది. రూపాయి బిళ్ళంత బిళ్ళ కనిపించదు.

వీధికెళ్ళేసరికి కుక్కలు ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి. రాగి వాళ్ళను ఐసు పాకలోకి తోలి జరిగింది చెప్పింది. నమ్మడానికి భీమన్నకు చాలాసేపు పట్టింది. "గుడ్డు అన్నావు, నిజంగా గుడ్డేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి ఆ ఒక్క మాట మీదే నమ్మాడు.

సోమవారం సాయంత్రం జిత్తులయ్య వచ్చాడు.

"బయలుదేరుతున్నారా అమ్మా?"

"మీ మాట విన్నాక ఇక్కడ ఉండబుద్ధి అవుతుందా బావగారూ. కానీ కాపలా రాత్రిపూట కాస్తే సరిపోదు. తలకాయలు పడేది పొద్దున. బస్టాండువాళ్ళు వచ్చేదీ అప్పుడే."

పొద్దున పడే తాజా తలకాయలు తలుచుకోగానే నక్క నోట్లో నీళ్ళూరాయి. అయినా మనుషుల భయం. "పగలా? బండి వస్తుంది కదా."

రాగి ఎర్ర బెల్టు తెచ్చి ముందు పడేసింది. "బెల్టు ఉన్నవాణ్ణి ముట్టుకోరని తమరేగా సెలవిచ్చారు."

జిత్తులయ్య బెల్టు వంక చూశాడు. తాను చెప్పిన మాటే. నిన్నటిదాకా దాన్ని తానే కనబడ్డవాడికల్లా చెప్పుకు తిరిగాడు కూడా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, చెప్పిన మాటను తానే నమ్మడం మొదలుపెట్టినవాడికంటే లోకువైనవాడు లేడు. బెల్టు బకిలు వేసే ఉంది. తల దూర్చాడు. సరిగ్గా సరిపోయింది.

"ఎలా ఉంది?"

"పెళ్ళికొడుకులా ఉన్నారు," అంది రాగి. కుక్కలన్నీ క్వారీ వైపు నడిచి, నక్క చూపు దాటగానే కాలవ చుట్టి ఐసు పాకకు చేరుకున్నాయి.

మంగళవారం పొద్దున చేపల మార్కెట్టు అరుగు మీద జిత్తులయ్య కొలువు తీరాడు. ముందు కొరమీను తలకాయల కుప్ప. ఒకటి నములుతూ రెండోదాని మీద పంజా వేసి కూర్చున్నాడు. ఇన్నేళ్ళ పీతల బతుకు ఒక్కసారిగా తీరిపోయినట్టనిపించింది. పాక తలుపు సందులోంచి చూస్తున్న భీమన్న మాత్రం పళ్ళు కొరుకుతున్నాడు.

"ఎవరిదే ఈ కుక్క?" అంది గవరమ్మ పక్కనున్న రొయ్యలమ్మితో. "మొహమేంటి అంత కోసుగా ఉంది?"

"ఏదో కొత్త జాతి అయ్యుంటుంది వదినా. ఈమధ్య అన్నీ ఇట్టాంటివే తెస్తున్నారు."

బండి వచ్చి ఆగింది. వల పట్టుకుని ఒకడు దిగాడు, వెనకే డాక్టరమ్మ. జిత్తులయ్య లేవలేదు. బెల్టు బాగా కనబడేలా గడ్డం పైకెత్తి కూర్చున్నాడు.

"బెల్టుంది మేడం," అన్నాడు వలవాడు దగ్గరకొచ్చి. వంగి చూశాడు. "బిళ్ళ లేదు."

"ఎవరిదండీ ఈ కుక్క?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది. వీధిలో ఎవరూ నాదనలేదు. లుంగీ మీద ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

వల పడింది. నక్క గింజుకోవడంలో వలవాడి కాలు దాని తోక మీద పడింది. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. ఆ పూట ఆ అదృష్టం వలవాడిదైనా అయ్యుండాలి, చేపల వీధిదైనా అయ్యుండాలి.

అప్పుడు రాగి పాకలోంచి బయటికొచ్చింది. గంగులు చెప్పింది నిజమని తెలిసినా, వల వలే కదా. అయినా నడిచి వెళ్ళి వలవాడి ముందు కూర్చుంది. తరవాత ఒక్కొక్కటే మిగతావీ వచ్చాయి. భీమన్న అప్పన్న పొట్ట కింద దూరాడు.

"రారా," అంది రాగి.

"నేను తరవాతి బండికి వస్తాను."

అప్పన్న ఒక కాలు ఎత్తి భీమన్నను మెల్లగా బయటికి నెట్టాడు. నెమరు మాత్రం ఆపలేదు.

"ఈ ఉద్యోగంలో ఇట్టాంటి వీధి చూళ్ళేదు మేడం," అన్నాడు వలవాడు.

బండిలో జిత్తులయ్య బోను పక్కనే రాగి బోను. కుక్కల్ని చూసి నక్క అదిరిపోయాడు. "మీరు క్వారీకి పోలేదా?"

"లేదు బావగారూ."

"ఓసి పిచ్చిదానా, ఇప్పుడేం చేస్తారో తెలుసా?"

"తెలుసు. సూది వేస్తారు, కుట్లు వేస్తారు, గుడ్డన్నం పెడతారు. చెవి కొస తీసి, పట్టుకున్న చోటే దింపుతారు. గంగులు చెప్పాడు."

జిత్తులయ్య కళ్ళల్లో మెల్లగా ఒక మెరుపొచ్చింది. పట్టుకున్న చోటే దింపుతారు. అతణ్ణి పట్టుకున్నది చేపల మార్కెట్టు అరుగు మీద. చెవి కొస పోతే పోనీ, ఆ చెవితో అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు.

"అయితే నేనూ మీ వీధివాణ్ణే కదమ్మా ఇకనుంచి," అన్నాడు తియ్యగా.

ఇది రాగి లెక్కలో లేదు. వీధిని కాపాడుకోబోయి నక్కను తానే నడివీధిలో కూర్చోబెట్టిందా? నక్క మాత్రం దారంతా పాత పాట ఏదో కూనిరాగం తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు రాగిని చూసింది, తరవాత నక్క బోను దగ్గరకొచ్చింది. జిత్తులయ్య తాను కుక్కనని చూపించుకోవాలని తోక ఆడించబోయాడు. అది ఆడలేదు, అటొకసారి ఇటొకసారి చీపురులా ఊగింది. తోక ఆడించడం రావాలంటే ఎవరి చేతి ముద్దైనా ఒక్కపూట తిని ఉండాలి. జిత్తులయ్య ఎప్పుడూ ఎవరి చేతి ముద్దా తినలేదు, ఎవరి ముద్దనైనా లాక్కోవాలనే చూశాడు.

డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఇది కుక్క కాదయ్యా. నక్క."

"బెల్టుంది కదా మేడం."

"ఎవడో తెలివితక్కువవాడు పెంచుదామని కట్టుంటాడు. అడవి జంతువును పెంచకూడదు, మనం ముట్టుకోకూడదు. ఫారెస్టువాళ్ళకు ఫోన్ చెయ్యి. బెల్టు తీసి, జనం లేనిచోట దూరంగా వదిలిపెట్టమను."

జీపు వచ్చి జిత్తులయ్యను ఎక్కించుకుంది. అతను బోను కమ్మీల్లోంచి రాగి వంక చూశాడు. "చెప్పమ్మా వాళ్ళకి, నేను మీ వీధివాణ్ణని."

"చెబుదామనే ఉంది బావగారూ," అంది రాగి. "కానీ నేను మొరిగితే వాళ్ళకు మీరు చెప్పేది వినపడదు."

కుట్లు మానాక చేపల వీధి కుక్కలు చేపల వీధిలోనే దిగాయి. అందరికీ ఎడమ చెవి కొస లేదు. గంగులు హద్దు దగ్గర ఎదురొచ్చి, పొట్ట నిమురుకుంటూ తన వీధికి వెళ్ళిపోయాడు. పండుగొప్పల్లో ఒకటి రెండు తగ్గిన మాట నిజమే గానీ రాగి అడగలేదు. గవరమ్మ రాగి చెవి పట్టుకు చూసి, "పోన్లేవే, ప్రాణంతో వచ్చావు," అని పెద్ద తలకాయ ఒకటి ముందు పెట్టింది. రాగి అరుగు కింద తన చోట్లో పడుకుని, ఎవరికీ భయపడకుండా, మెల్లగా తింది.

ఫారెస్టువాళ్ళు వదిలిన ఏజెన్సీ కొండల్లో జిత్తులయ్యకు చేపలూ లేవు, పీతలూ లేవు. ఎలకల వెంట పరిగెత్తి పరిగెత్తి ఒంట్లో నీరు ఇంకిపోయింది. ఒకరోజు ఒక ముళ్ళపంది, ఊళ్ళో సంగతులేంటి అన్నా అని అడిగింది. "పట్నం వైపు పోకు తమ్ముడూ," అన్నాడు జిత్తులయ్య. "అక్కడ బండి ఎక్కినవాడు తిరిగి రాడు." తనవరకు చూస్తే, పుట్టి బుద్ధెరిగాక అతను ఆడిన మొదటి నిజం అదే. ముళ్ళపంది అతని ముఖం వంక ఓసారి చూసి, ఈయనకు పట్నంలో ఏదో లాభముందనుకుని, ఆ సాయంత్రమే పట్నం దారి పట్టింది.

నీతి: నిన్నెవరైనా తెగ భయపెడుతున్నారంటే, భయపడే ముందు నీ కంచం ఎటు జరుగుతోందో చూసుకో.